ఐ విల్ లెట్ యూ గో అంటే ఉద్యోగం పోయినట్టు కాదు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు డల్లాస్ వచ్చి నాలుగు నెలలైంది. "మావయ్యా, నా ఉద్యోగం పోయినట్టుంది" అన్నాడు, గొంతు వణుకుతోంది. సంగతేమిటంటే, శుక్రవారం సాయంత్రం మేనేజరుతో ఫోన్లో మాట్లాడుతుంటే చివర్లో ఆయన "ఆల్‌రైట్, ఐ విల్ లెట్ యూ గో" అని పెట్టేశాడట. ఆఫీసులో ఫలానా ఆయన్ని లెట్ గో చేశారంటే ఉద్యోగంలోంచి తీసేశారని వాడికి తెలుసు, అందుకని రెండు రాత్రులు నిద్ర లేకుండా, హెచ్-1బీ వాళ్లకు ఉద్యోగం పోయాక ఉండే 60 రోజుల గడువు ఎప్పటికి ముగుస్తుందో కాలెండరులో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు.

ఫోన్ చివర్లో ఆ మాట అంటే "నీ పనికి అడ్డం పడను, ఇక ఉంటాను" అని మర్యాదగా సెలవు తీసుకోవడం, అంతే. మనం మాత్రం ఫోన్ పెట్టేసే ముందు "సరే, ఉంటాను మరి" అనమా? తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు వింటే, ఉంటానంటూనే పెట్టేశాడేమిటని వాళ్లూ కంగారు పడతారు. వాడికి ఇది చెప్పాక అవతల ఒక్క నిమిషం మాట లేదు. తర్వాత "అమ్మకు చెప్పకు మావయ్యా" అన్నాడు.

ఇలాంటి సందేహాలు నన్ను అడిగే పిల్లలు ఏటా పెరుగుతున్నారు. వాళ్లకు గ్రామర్ బాగానే వచ్చు, టోఫెల్ మార్కులు బాగానే ఉంటాయి, చిక్కల్లా నుడికారంతోనే. బళ్లో మనకు నేర్పినవి ఇక్కడ పెద్దగా వినబడవు. కుండపోత వానకు కుక్కలూ పిల్లులూ కురిశాయనే మాట మనందరికీ కంఠతా వచ్చు కదా, ఇక్కడికి వచ్చి ఇన్నేళ్లయినా ఆఫీసులో దాన్ని నేను విన్నది బహుశా రెండుసార్లు. పైగా దాని పుట్టుక గురించి గడ్డి ఇళ్ల కప్పుల మీద పడుకున్న జంతువులు వానకు జారి పడేవని ఒక కథ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది నిజం కాదు. ఇంగ్లీషు నానుడుల మీద వచ్చే ఫార్వర్డుల్లో సగానికి సగం ఇలాంటివే, నమ్మి నలుగురిలో చెప్పకండి.

మరి నిజంగా వినబడేవి ఏమిటంటే, ఎక్కువ భాగం ఆటల్లోంచి వచ్చినవి. అందులోనూ బేస్‌బాల్. మనకు ఇది వింత కాకూడదు. ఎవరైనా వరుసగా మూడోసారి ఎన్నికల్లో గెలిస్తే మన పత్రికలు హ్యాట్రిక్ అని రాస్తాయి. 1858లో ఇంగ్లండులోని షెఫీల్డులో స్టీఫెన్‌సన్ అనే బౌలరు వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీస్తే, చందా వేసి టోపీ కొనిచ్చారు, ఆ టోపీయే ఇప్పుడు మన రాజకీయాల దాకా వచ్చింది. మనం ఎవరైనా ఊహించని ప్రశ్న వేస్తే గూగ్లీ వేశాడంటాం, వీళ్లు కర్వ్‌బాల్ వేశాడంటారు. కాబట్టి జాబితాలు బట్టీ పట్టడం మానేసి ఒక్కసారి ఆటకు వెళ్లండి. మేజర్ లీగ్ టికెట్ ఖరీదు అనిపిస్తే దగ్గర్లో మైనర్ లీగ్ టీమ్ ఏదైనా ఉందేమో చూడండి, మా వైపు డర్హమ్ బుల్స్ ఉంది. నలుచదరపు గడిలా వేసిన మైదానంలో మూలకో బేస్ ఉంటుంది, కొట్టినవాడు పరిగెత్తేటప్పుడు ప్రతి బేస్‌నూ తాకుతూ పోవాలి, తాకకుండా దాటేస్తే అవతలి జట్టు అప్పీలు చేసి అవుట్ చేయించవచ్చు. కాలు అలా తగలడం కళ్లారా చూశాక, రేపు టచ్ బేస్ చేద్దాం అంటే ఒకసారి అలా పలకరించుకుందామని చెప్పడమేనని మీకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆఫ్ బేస్ అంటే ఉండాల్సిన చోట లేకపోవడం, అంటే పొరబడటం.

బాల్‌పార్క్ అన్న మాట దగ్గర నేను మొదటి ఉద్యోగంలోనే దెబ్బ తిన్నాను. ఒక పనికి ఎన్ని వారాలు పడుతుందో "జస్ట్ గివ్ మీ ఎ బాల్‌పార్క్" అని మేనేజరు అడిగారు. బాల్‌పార్క్ అంటే ఆట జరిగే స్టేడియం, అంకె అందులో ఎక్కడో ఒకచోట పడితే చాలని ఆయన ఉద్దేశం, మన ఉజ్జాయింపు అన్నమాట. నేను అదేదో పద్ధతి పేరనుకుని, అడగడానికి మొహమాటపడి, మూడు రోజులు కూర్చుని గంటల లెక్కన పెద్ద ఎక్సెల్ షీట్ తయారుచేసి పట్టుకెళ్లాను. అప్పటికే ఆయన క్లయింటుకు తనకు తోచిన అంకె చెప్పేశారు, అది మేం నిజంగా చేయగలిగినదానికి సగం. ఆ పని అయ్యేదాకా మా టీమంతా శనివారాలు కూడా పనిచేసింది. అడిగిన వెంటనే "నాలుగు నుంచి ఆరు వారాలు, అటూ ఇటుగా" అని ఉంటే సరిపోయేది. మిమ్మల్ని ఎవరైనా అలా అడిగితే ఒక్క అంకె కాకుండా ఇలా రెండు అంకెల మధ్య చెప్పండి.

రెయిన్ చెక్ అంటే డబ్బుల చెక్కు కాదు. 1880ల నుంచి బేస్‌బాల్ ఆట వానకు ఆగిపోతే చేతిలో ఉన్న టికెట్ ముక్కతో ఇంకో రోజు ఆట చూడనిచ్చేవారు. అందుకే భోజనానికి పిలిస్తే "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్" అంటే ఇవాళ కాదు, మరోసారి వస్తానని. కొందరు మొహమాటానికి అంటారు, కొందరు నిజంగానే అంటారు, తేదీ చెప్పి ఇంకొక్కసారి పిలిచి చూడండి, రెండోసారీ అదే మాట వస్తే వదిలేయండి. సూపర్ మార్కెట్లోనూ ఇది పనికొస్తుంది. సేల్‌లో పెట్టిన సరుకు అయిపోతే కొన్ని షాపులు రెయిన్ చెక్ అని చీటీ రాసిస్తాయి, సరుకు వచ్చాక పాత సేల్ ధరకే ఇస్తారు.

ఇక్కడి ఫుట్‌బాల్ అంటే మన కాలిబంతి కాదు, బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తే ఆట. ఆ మాటల్లో హెయిల్ మేరీ ఒక్కటి తెలుసుకుంటే చాలు. 1975 డిసెంబరు 28న మిన్నెసోటాతో ఆడిన ఆటలో, టైమ్ అయిపోవస్తుండగా డల్లాస్ కౌబాయ్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, రోజర్ స్టాబాక్ దూరంగా బంతి విసిరాడు, డ్రూ పియర్సన్ పట్టుకున్నాడు, గెలిచారు. కళ్లు మూసుకుని మరియమ్మ ప్రార్థన చెప్పుకున్నానని స్టాబాక్ తర్వాత అన్నాడు. ఆ మాట అంతకుముందు కూడా ఉంది గానీ దేశమంతా పాకింది అప్పుడే. మన భాషలో చెప్పాలంటే దేవుడి మీద భారం వేసి చేసే ఆఖరి ప్రయత్నం.

కొన్ని మాటల వెనక మాత్రం చాలా నొప్పి ఉంది, అవి తెలియకుండా వాడకూడదని నా గట్టి అభిప్రాయం. ఎవరైనా మోసం చేశారని చెప్పడానికి "సోల్డ్ మీ డౌన్ ద రివర్" అంటారు. బానిసత్వం రోజుల్లో నల్లజాతి మనుషుల్ని ఇంటివాళ్ల నుంచి విడదీసి, మిసిసిపీ నది దిగువన ఉన్న పత్తి తోటలకు అమ్మేసేవారు, ఆ మాట అక్కడిది. ఆ కుటుంబాల మునిమనవలు మీ పక్క సీట్లోనే కూర్చుని ఉంటారు. దాన్ని మీ నోటివెంట రానివ్వకండి. గ్రాండ్‌ఫాదర్డ్ అనే మాట ఫోన్ ప్లాన్లలో, ఇన్సూరెన్సులో వస్తుంది, కొత్త రూలు వచ్చినా మీకు పాత రూలే వర్తిస్తుందని అర్థం. దాని తాత వేరు. 1898లో లూసియానా రాష్ట్రం, 1867 ఆరంభానికి ఓటు హక్కు ఉన్నవాళ్లకూ వాళ్ల కొడుకులకూ మనవలకూ చదువు, ఆస్తి పరీక్షలు అక్కర్లేదని రూలు పెట్టింది. అప్పటికి అక్కడ నల్లవాళ్లకు ఓటే లేదు కాబట్టి ఎవరిని ఆపడానికి పెట్టారో తెలుస్తూనే ఉంది. ఓక్లహోమా పెట్టిన అలాంటి రూలును 1915లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కంపెనీవాళ్లు ఈ మాట అంటే అర్థం చేసుకోండి, మీరు మాత్రం "పాత ప్లానే ఉంచండి" అని మామూలుగా అడగండి.

డెడ్‌లైన్ రోజూ అనే మాటే. 1864లో అంతర్యుద్ధం నాటి జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో, గోడకు కాస్త లోపలగా ఒక కర్ర కంచె ఉండేది, దాన్ని దాటిన ఖైదీని కాల్చేసేవారు. ఆ కంచె పేరే డెడ్‌లైన్. ఆ శిబిరంలో దాదాపు 13,000 మంది చనిపోయారు.

మనం మోసుకొచ్చే మాటలు కూడా ఒకసారి సరిచూసుకోండి. ఇంటర్వ్యూలో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అనకండి. బ్రిటిష్ సైనిక శిక్షణలో పాసింగ్ అవుట్ పరేడ్ అనేవారు, మనకు అక్కడి నుంచి వచ్చింది, ఇక్కడివాళ్లకు మాత్రం స్పృహ తప్పి పడిపోయారని వినబడుతుంది. గ్రాడ్యుయేటెడ్ అనండి.

చివరగా టేబుల్. అమెరికాలో ఒక విషయాన్ని టేబుల్ చేద్దామంటే పక్కన పెడదామని. బ్రిటన్‌లో సరిగ్గా తలకిందులు, చర్చకు తెద్దామని. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులు ఒకే పని చేయాలనుకుంటూనే ఈ మాట దగ్గర చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. మాకూ అదే జరిగింది. "గురువారం టేబుల్ చేద్దాం" అని లండన్ టీమ్ అంటే, వాయిదా పడిందనుకుని మేం కాగితం ముక్క కూడా సిద్ధం చేసుకోలేదు, గురువారం కాల్‌లో అవతల ఎనిమిది మంది మా కోసం ఎదురుచూస్తున్నారు. తెలియనప్పుడు గంగిరెద్దులా తలూపితే జరిగేది ఇదే. అప్పటి నుంచి ఆ మాట వినబడగానే "అంటే గురువారం మాట్లాడతామా, తర్వాత చూద్దామా" అని అక్కడికక్కడే అడుగుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా విసుక్కోలేదు, చాలాసార్లు మా టీమ్‌లోని అమెరికన్లే "అడిగి మంచిపని చేశావ్, మేమూ అదే అనుకుంటున్నాం" అన్నారు.