బాలే బాగా వస్తే చాలా, పిల్లలకు నేర్పడానికి విడిగా శిక్షణ కావాలా?

బాలే చాలా ఏళ్లు నేర్చుకున్నారు, ఇప్పుడు పిల్లలకు నేర్పాలనుంది, దానికి వేరే కోర్సు అవసరమా అని అడిగారు. అవసరమేనండి. నేను లండన్‌లో రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ వాళ్ల టీచింగ్ సర్టిఫికెట్ చేశాను. ఐదేళ్ల పిల్లల నుంచి టీనేజీ వాళ్ల దాకా నేర్పుతున్నాను. ఆ కోర్సులో ఎక్కువ భాగం ఏ వయసులో ఏది ఇవ్వకూడదు అన్నదాని చుట్టూనే తిరిగింది.

ఐదారేళ్ల పిల్లలతో బార్, అంటే పట్టుకుని సాధన చేసే కమ్మీ, జోలికి వెళ్లను. గెంతడం, గుర్రంలా పక్కకి దూకే గాలప్, చప్పట్లతో తాళం, మూడు దెబ్బల వాల్ట్జ్ సంగీతం వినిపిస్తే ఊగడం, అంతే. "ఇంకా స్టెప్స్ మొదలుపెట్టలేదా అండీ?" అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు, మనవాళ్లయితే మరీనూ.

కొంచెం పెద్దయ్యాక బార్ వైపు తిరిగి, రెండు చేతులూ ఆనించి ప్లియే, అంటే మోకాళ్లు వంచి లేవడం, చేయిస్తాం. అప్పుడు మీ కళ్లు మోకాళ్ల మీద ఉండాలి. మోకాలి చిప్ప పాదం రెండో వేలి మీదుగా వెళ్లాలి. అది లోపలికి పడుతోందంటే, ఆ పాప కాళ్లను తుంటి దగ్గర నుంచి బయటికి తిప్పకుండా పాదాలనే మెలిపెడుతోందన్నమాట. పాదాలు అంత పక్కకి తిరగకుండా కొంచెం ముందుకి తెప్పించండి. చూడటానికి అంత అందంగా ఉండదు, అయినా అదే సరైనది. కూచిపూడి వచ్చినవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది, మోకాళ్లు పక్కకి వంచి సగం కూర్చునే అరమండిలోనూ ఇదే గొడవ కదా. కాకపోతే అరమండిలో నిలుస్తాం, ప్లియేలో కింద ఆగకూడదు. ఆగితే ఆ తర్వాతి జంప్‌కి ఊపు రాదు.

ఇంకోటి, పిల్లల వైపు తిరిగి చూపిస్తూ "కుడి కాలు" అన్నప్పుడు మనం ఎడమ కాలు కదపాలి. చేతుల కదలిక కూడా కలిశాక నోరొకటి, ఒళ్లొకటి చేస్తాయి. ఇంట్లో పైకి చెప్పుకుంటూ సాధన చేయండి.

అసలు కష్టం పదకొండు, పన్నెండేళ్ల దగ్గర మొదలవుతుంది. కాలివేళ్ల కొసల మీద నిలబడి ఆడే పాయింట్ షూస్ ఎప్పుడని అడుగుతారు. పన్నెండు లోపు నేను ఒప్పుకోను, ఆ తర్వాత కూడా వయసొక్కటే చూడను. ఒంటికాలి మీద మోకాలు వంచకుండా, చీలమండ పక్కకి వాలకుండా, మడమ పూర్తిగా ఎత్తి దించడం పదే పదే చేయగలగాలి. వారానికి ఒక్క క్లాసుకే వచ్చేవాళ్లకి వద్దనే చెబుతాను.

అదే వయసులో పొడవు పెరుగుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకబడుతుంది. మొన్నటిదాకా హాయిగా లేచిన కాలు లేవదు, ఒంటికాలి మీద గిర్రున తిరిగే పిరువెట్‌లో తూలిపోతారు, మోకాలి కిందో మడమ వెనకో నొప్పంటారు. "నాకు రావట్లేదు" అని మానేసేది ఎక్కువగా ఇప్పుడే. నేనైతే జంప్స్ తగ్గిస్తాను, కాలు ఎంత లేస్తే అంతే చాలంటాను, ఇది పెరిగే వయసు వ్యవహారమని పిల్లకీ తల్లికీ ముందే చెబుతాను. నొప్పి తగ్గకపోతే ఫిజియో దగ్గరికి పంపుతాను. లావు, సన్నం అనే మాట పొగడ్తగా కూడా నోటి వెంట రాకూడదు. ఒంటికి అతుక్కునే లియోటార్డ్ డ్రెస్ మీద షార్ట్స్ వేసుకుంటామంటే వేసుకోనివ్వండి. చేత్తో సరిచేసే ముందు అడగండి. మగపిల్లలకి ఈ దశ సాధారణంగా ఒకటి రెండేళ్లు ఆలస్యం, వాళ్ల చేత పార్ట్‌నర్‌ని ఎత్తించడానికి తొందరపడకండి.

ఏ పద్ధతి మంచిదని చాలామంది వాదించుకుంటారు. రష్యన్ బాలే టీచర్ వగానోవా 1934లో రాసిన పుస్తకం తప్పక చదవండి. కానీ ఆవిడ పనిచేసిన సెయింట్ పీటర్స్‌బర్గ్ స్కూల్లో పిల్లల్ని ఏరి తీసుకుని, రోజూ నేర్పుతారు. ఆ వేగం మన శనివారం క్లాసుకి పనికిరాదు. మన క్లాసుకి రాయల్ అకాడమీ వాళ్ల గ్రేడ్‌లు గానీ, ఇటాలియన్ టీచర్ చెకెట్టి పద్ధతి గ్రేడ్‌లు గానీ నయం.

కోర్సులో చేరేముందు దగ్గర్లో ఒక టీచర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి, అదీ చిన్నపిల్లల క్లాసుకే. కొన్నిచోట్ల ఆ పనికి డబ్బులివ్వరు, ఆ సంగతి ముందే అడిగి తేల్చుకోండి.