ఆ ముప్పై ఏళ్లూ అమ్మ ఏం చేసింది?

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నీ కథ పెన్సిల్ పట్టుకుని నిదానంగా చదివాను. చంద్రగిరి పక్క పల్లె కుర్రాడు కాంతి వేగంలో 99.8 శాతంతో పోయే నౌకెక్కి, తన గడియారం ప్రకారం రెండేళ్లకే తిరిగొస్తాడు. అంత వేగంలో గడియారం నెమ్మదిస్తుంది కాబట్టి, ఇక్కడ మాత్రం ముప్పై ఒకటిన్నర ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. లెక్క వేసి చూశాను, సరిపోయింది. కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు, నువ్వు తడబడలేదు. శ్రీహరికోట సీనూ బాగా కుదిరింది. సూళ్లూరుపేట వైపు పెరిగినవాడివని చదివేవాళ్లకి చెప్పకుండానే తెలుస్తుంది.

నాకు తృప్తి కలగనిది అమ్మ దగ్గర. మొదటి పేజీలో దీపం వెలిగించి, పెరుగన్నం కట్టిచ్చింది. చివరి పేజీకి గోడ మీద దండ వేసిన ఫోటో అయిపోయింది. కొడుకు గడిపిన రెండేళ్లకి కథంతా ఇచ్చావు. అమ్మ బతికిన ముప్పై ఏళ్లకి ఒక్క పేరా లేదు. ఆమె పేరేంటో, ఏం పని చేసేదో కూడా నువ్వు చెప్పలేదు. చదువుతున్నంతసేపూ నాకు ఆవిడ గురించే ఆలోచన.

సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో నాకు నచ్చిన అమ్మలెవరని ఉత్తరంలో అడిగావు. నీ కథకి కావాల్సింది ఆ జవాబులోనే ఉంది కాబట్టి వివరంగానే రాస్తాను.

అందరికంటే ముందు జాకీ టైలర్. 2005లో బీబీసీ 'డాక్టర్ హూ'ని మళ్లీ మొదలుపెట్టినప్పుడు వచ్చిన పాత్ర, కమిల్ కొడురీ వేసింది. లండన్‌లో ఒక చిన్న ప్రభుత్వ ఫ్లాటు, ఇంట్లోనే జుట్టు కత్తిరించే పని, చిన్నప్పుడే తండ్రి పోయిన కూతురు రోజ్. ఆ పిల్ల 'డాక్టర్' అనే కాలయాత్రికుడితో కాలయానానికి వెళ్లిపోతుంది. తిరిగొచ్చి, పన్నెండు గంటలే కదా అయిందని, రాత్రి స్నేహితురాలింట్లో పడుకున్నానని అబద్ధం చెప్పబోతుంది. అమ్మ చేతిలోని టీ కప్పు కిందపడి పగులుతుంది. టేబుల్ మీద కూతురి ఫోటోతో 'కనబడుటలేదు' కాగితాలు. అప్పుడు డాక్టర్ పరిగెత్తుకొచ్చి చెబుతాడు: లెక్క తప్పింది, గడిచింది పన్నెండు గంటలు కాదు, పన్నెండు నెలలు.

ఆ సీను మళ్లీ చూడు. కాలయంత్రం గురించి అంతవరకు మనం చూసిందంతా సరదా. మీట నొక్కితే ఇంకో యుగం. ఆ సరదాకి ఇంట్లో ఎవరు మూల్యం చెల్లించారో ఆ కప్పు పడ్డాక గానీ మనకి తెలియదు. ఏడాదంతా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన మనిషి, డాక్టర్ చెంప మీద ఒక్కటిస్తుంది. ఇవ్వాల్సిందే అనిపిస్తుంది.

జాకీని నేను అంతగా ఇష్టపడటానికి కారణం మాత్రం ఆ సీజన్ చివర్లో ఉంది. చావు తప్పదనుకున్న చోటి నుంచి డాక్టర్ ఉపాయంగా రోజ్‌ని ఇంటికి పంపేస్తాడు. కూతురు ఇంట్లో, కళ్లెదుట, క్షేమంగా ఉంది. ఏ తల్లికైనా ఇంతకంటే ఏం కావాలి? కానీ రోజ్ వెనక్కి వెళ్లి తీరతానంటుంది. అందుకు కాలయంత్రం లోపలి భాగం తెరవాలి, అది తెరుచుకోవడం లేదు. కాలంలో వెనక్కి వెళ్లినప్పుడు నాన్న చనిపోతుంటే చెయ్యి పట్టుకున్నది తానేనని అమ్మకి చెబుతుంది. జాకీ తట్టుకోలేక వెళ్లిపోతుంది. తర్వాత ఎవరినో బతిమాలి, బండ్లు లాగే పెద్ద పసుపు లారీ తెచ్చి నిలబెడుతుంది. గొలుసు తగిలించి లాగితే యంత్రం తెరుచుకుంటుంది, కూతురు మళ్లీ ఆ చావులోకే వెళుతుంది. తల్లే పంపింది! ఏడాది పాటు పోస్టర్లు అంటించిన తల్లి!

నీ కథలో అమ్మకి లేనిది ఇదే నాయనా. ఆమెకి ప్రేమ ఇచ్చావు, కన్నీళ్లిచ్చావు. ఒక నిర్ణయం ఇవ్వలేదు. ఆ నిర్ణయం మామూలు కుటుంబ కథలో వచ్చేదైతే చాలదు. నువ్వు కల్పించిన సైన్స్ లేకపోతే ఆ చిక్కే పుట్టకూడదు.

పాత 'స్టార్ ట్రెక్'లో 1967లో వచ్చిన 'జర్నీ టు బేబెల్' అనే భాగం చూడు. నౌకలో అధికారి స్పాక్. అతని తల్లి అమాండా భూమి మనిషి, భర్త సారెక్ తర్కాన్నే నమ్మే వల్కన్ గ్రహవాసి. భర్తకి గుండె ఆపరేషన్ చేయాలి, రక్తం కొడుకే ఇవ్వాలి. అప్పుడే కెప్టెన్ గాయపడతాడు, నౌక స్పాక్ చేతికొస్తుంది, వెనక ఎవరో వెంటాడుతున్నారు. బాధ్యత వదిలి రానంటాడు స్పాక్. వల్కన్ల తర్కం ప్రకారం అతనిది సరైన మాటే. అమాండా బతిమాలుతుంది, కోప్పడుతుంది, చివరికి చెంప మీద కొడుతుంది. రెండు గ్రహాల మధ్య తేడా ఉపన్యాసంలో చెప్పి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. (ఇది చూసి నీ కథలోనూ చెంపదెబ్బ పెట్టకు. రెండు సీరియళ్లలో రెండు దెబ్బలు చాలు.)

అమ్మ పాత్ర అనగానే మనవాళ్లు వంటింట్లోకి తోసేస్తారని బాధపడుతూ రాశావు. అమెరికా వాళ్లూ తోశారు. అంతరిక్షంలో దారితప్పిన కుటుంబం కథ, 1965 నాటి 'లాస్ట్ ఇన్ స్పేస్'లో తల్లి మోరీన్ రాబిన్సన్ బయోకెమిస్ట్రీలో డాక్టరేట్ చేసిన మనిషి. ఆ చదువుతో ఆమె చేసిందేమిటంటే ఎక్కువగా వంట, తోటపని, బట్టలు. ఉతికి మడతపెట్టి ప్లాస్టిక్ సంచీలో పెట్టిచ్చే వాషింగ్ మెషీన్ని ఊహించగలిగారు గానీ, దాని ముందు ఇంకొకరు నిలబడటాన్ని ఊహించలేకపోయారు. జూన్ లాక్‌హార్ట్ ఎంత హుందాగా నటించినా ఆ లోటు తీరలేదు. 2018లో అదే కథని నెట్‌ఫ్లిక్స్ మళ్లీ తీసినప్పుడు మోరీన్ ఇంజనీరు. దిగిన గ్రహం మీద అనుమానం వస్తే, బెలూన్‌తో తానే పైకి వెళ్లి ఆకాశాన్ని చూసి వస్తుంది. అయినా నాకు గుర్తుండిపోయింది ఆ సాహసం కంటే ఆమె చేసిన తప్పు. అంతరిక్షానికి వెళ్లే పరీక్షలో చిన్న కొడుకు ఫెయిలయితే, దొంగదారిన మార్కులు మార్పించి వెంట తీసుకొస్తుంది. ఇప్పుడు ఆ పిల్లవాడికి ఏం జరిగినా బాధ్యత ఆమెదే. అమ్మలు తప్పు చేయొచ్చు నాయనా, చేయనివ్వు. నీ కథలో అమ్మ ఒక్క తప్పూ చేయలేదు, అందుకే నాకు ఆమె ముఖం కనబడలేదు.

అలాగని ప్రతి అమ్మా సైంటిస్టు కానక్కర్లేదు. 'స్ట్రేంజర్ థింగ్స్'లో జాయిస్ బయర్స్ కొట్టులో పనిచేసే మనిషి. మాయమైన కొడుకు ఫోన్ చేస్తున్నాడని నమ్మి, ఆ ఫోన్ కాలిపోతే, కొత్త ఫోనూ రెండు వారాల జీతం అడ్వాన్సూ అడుగుతుంది. ఆ అడ్వాన్సు దగ్గరే నేను ఆమెని నమ్మేశాను. తర్వాత క్రిస్మస్ లైట్లు కొనుక్కొచ్చి, గోడ కాగితం మీద నల్ల రంగుతో అక్షరాలు రాసి, ఒక్కో అక్షరానికి ఒక్కో బల్బు వచ్చేలా కడుతుంది. వేరే లోకంలో చిక్కుకున్న పిల్లవాడు బల్బులు వెలిగించి జవాబు చెబుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెకి పిచ్చి పట్టిందంటారు. శవం దొరికింది, చూడమంటారు. అది నా బిడ్డ కాదంటుంది. పరికరం కట్టింది, ప్రశ్న అడిగింది, జవాబు రాసుకుంది. ల్యాబ్ కోటు వేసుకున్నవాళ్లు చేసేదీ అదే కదా.

ఇంకొకటి ఊరికే ప్రస్తావిస్తాను, నీకు ఎప్పుడైనా పనికొస్తుంది. 'స్టార్ ట్రెక్' వాళ్లదే ఇంకో సీరియల్ 'డీప్ స్పేస్ నైన్'లో కైరా పాత్ర వేసిన నానా విజిటర్ నిజంగానే గర్భవతి అయితే, రచయితలు దాన్ని కథలోకి తెచ్చారు. ప్రమాదంలో గాయపడిన కేకో, అంటే కైరా సహోద్యోగి భార్య, కడుపులోని పిండాన్ని డాక్టర్ కైరా గర్భంలోకి మారుస్తాడు, ఆమె వాళ్లింట్లోనే ఉంటుంది. అదే మన చిత్తూరులో జరిగితే సీమంతం ఎవరికి చేస్తారు? ఆ ఒక్క ప్రశ్న మీద మంచి కథ రాయొచ్చు.

పెంచిన తల్లుల గురించి బయటివాళ్లు మనకి నేర్పక్కర్లేదు. 'ఆర్ఫన్ బ్లాక్' సీరియల్లో క్లోన్‌గా పుట్టిన శారాని పెంచిన షివోన్‌ని చూసినప్పుడల్లా నాకు వకుళమాత గుర్తొస్తుంది. పేరూరు కొండ మీద 2022లో గుడి మళ్లీ తెరిచారు, వీలైతే వెళ్లి రా. ద్వాపరంలో యశోదగా కృష్ణుడి పెళ్లి చూడలేకపోయిన తల్లి, కలియుగంలో వకుళగా పుట్టి శ్రీనివాసుడికి అన్నం పెట్టింది, సంబంధం మాట్లాడటానికి నారాయణవనం వెళ్లింది. యుగం మారినా తీరని కోరికని మోసుకొచ్చిన అమ్మ కథ ఈ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. నీ పాఠకులు కాలభేదానికి బెదరరు, ధైర్యంగా రాయి.

ఇప్పుడు నీ కథకి వస్తాను. నౌక నుంచి సిగ్నల్ ఆగిపోతుందని రాశావు. మన పాత సాక్ష్య చట్టం, 1872 నాటిది, 108వ సెక్షన్ ఏం చెబుతుందంటే, ఒక మనిషి ఆచూకీ తెలియాల్సినవాళ్లకి ఏడేళ్లు తెలియకపోతే, అతను బతికే ఉన్నాడనేవాళ్లే ఆ సంగతి రుజువు చేయాలి. 2023లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఇది ఉంది. నీ లెక్కనే తీసుకో. ఇక్కడ ఏడేళ్లు గడిచేసరికి కొడుకు గడియారంలో అయిదు నెలల పైచిలుకు. చట్టం దృష్టిలో చనిపోయినవాడి గడ్డం కూడా ఇంకా సరిగ్గా పెరగలేదు! ఇన్సూరెన్స్ డబ్బు రావాలంటే అమ్మ సంతకం పెట్టాలి. ఆ డబ్బు కోసం చిన్నకూతురి పెళ్లి ఆగి ఉంది. సంతకం పెడుతుందా? పెట్టాక రోజూ ఆకాశం వైపు ఎలా చూస్తుంది? పెట్టకపోతే కూతురికి ఏం చెబుతుంది?

ఆమెకి ఒక పని కూడా ఇవ్వు. గాదంకి రాడార్ కేంద్రం మనకి దగ్గరే, తిరుపతి-చిత్తూరు దారిలో. 1024 యాంటెన్నాలతో గాలిని కొలిచే చోటు. అక్కడ వాతావరణ బెలూన్లు వదిలే ఉద్యోగం అమ్మదైతే? ముప్పై కిలోమీటర్ల ఎత్తుకి పోయాక బెలూన్ పగిలిపోతుంది, సిగ్నల్ ఆగిపోతుంది. సిగ్నల్ ఆగడం అంటే ఏమిటో ఆమెకి మనందరికంటే బాగా తెలుసు. అది వద్దనుకుంటే పాల కేంద్రంలో వెన్న శాతం చూసే పని పెట్టు. అంకెని నమ్మే చెయ్యి అయితే చాలు, ఎందుకంటే కొడుకు బతికే ఉన్నాడని చెబుతున్నదీ అంకే.

దీపం, పెరుగన్నం తీసేయమనను. పెరుగన్నం కట్టిన చేత్తోనే ఆ కాగితం పట్టుకోనివ్వు.

మిగతా కథ జోలికి ఇప్పుడే పోవద్దు. ఏడో ఏడు ఒక్కటే రాయి: ఆఫీసు గది, కాగితం, పక్కన కూర్చున్న కూతురు. ఆవిడ ఏం చేస్తుందో ముందే తేల్చుకోకుండా మొదలుపెట్టు. రాశాక పంపు, టైప్ చేయక్కర్లేదు, చేతిరాత అయినా చదువుతాను. ఆవిడ పేరు మాత్రం మొదటి వాక్యంలోనే రావాలి.

ఆశీస్సులతో,
మీ మేడమ్