పాత పెడల్ స్టీల్ గిటార్ కొనిస్తే మావాడికి రికార్డింగ్ పని దొరుకుతుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి. మావాడు కడపలో హాస్టల్‌లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్ నుంచీ గిటార్ పిచ్చి. ఆదివారం చర్చిలో, సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాడు. కంప్యూటర్‌లో గిటార్ రికార్డు చేసి ఎవరెవరికో పంపితే అప్పుడప్పుడూ వెయ్యి, రెండు వేలు వస్తాయి. ఇప్పుడు బెంగళూరులో ఒకాయన 1970ల నాటి షో-బడ్ పెడల్ స్టీల్ గిటార్ రెండున్నర లక్షలకు అమ్ముతున్నాడట. అది చేతిలో ఉంటే రికార్డింగుల్లో తనకు పోటీయే ఉండదని, చదువు ఆపి దాని మీదే కూర్చుంటానని పట్టుబట్టాడు. ఇంట్లో వాళ్లమ్మ కంటతడి, వాడి అలక. కొనివ్వమంటారా? దీంతో బతుకు నడుస్తుందా?

జవాబు: ఇప్పుడే కొనివ్వకండి. చదువూ ఆపనివ్వకండి. ముందే ఈ మాట చెప్పేస్తున్నా, ఇంట్లో టెన్షన్ కాస్త తగ్గుతుందని. కానీ మీవాడి మాటలో సగం నిజముంది. ఆ సగాన్ని తీసిపారేస్తే వాడు మీ మాట మొత్తం తీసిపారేస్తాడు.

ముందు ఆ వాద్యం సంగతి చూద్దాం. పేరులో గిటార్ ఉంది కాబట్టి మీరు మెడలో వేసుకుని వాయించేది అనుకొని ఉంటారు. ఇది కాళ్లున్న చిన్న బల్లలా ఉంటుంది. ముందు కూర్చుని వాయించాలి. మామూలుగా పది తీగలు, కొన్నిటికి పక్కపక్కనే రెండు వరసల్లో పదేసి. ఎడమ చేత్తో బరువైన ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతారు. కుడి చేతి బొటనవేలికీ రెండు వేళ్లకూ పిక్కులు, అంటే తీగ మీటే గోళ్లలాంటి తొడుగులు, తొడిగి మీటుతారు. కింద ఎడమ కాలికి మూడు పెడళ్లు, రెండు మోకాళ్లు కదిపే మీటలు నాలుగో ఐదో, కుడి కాలి కింద శబ్దం పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్. ఒక పెడల్ తొక్కితే లోపలి కడ్డీలు కొన్ని తీగల్ని మాత్రమే లాగి శ్రుతి పెంచుతాయి, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. ఒక స్వరం నిలకడగా ఉండగా పక్క స్వరం జారుతూ వచ్చి దాంతో కలుస్తుంది. ఆ కలయికలోని జాలి కోసమే అమెరికాలో కంట్రీ అనే పల్లె బాణీ సంగీతం డెబ్బై ఏళ్లుగా దీన్ని వదల్లేదు. 1954 ప్రాంతంలో గాయకుడు వెబ్ పియర్స్ పాటకు బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు ఇలా వాయించి వినిపించాక అక్కడి స్టీల్ వాద్యకారులు చాలామంది పెడళ్లు బిగించుకున్నారు. ఆ దశాబ్దంలోనే షాట్ జాక్సన్, బడ్డీ ఎమన్స్ కలిసి మొదలుపెట్టిన కంపెనీయే షో-బడ్. అంటే మీవాడు అడ్డమైనదేమీ అడగలేదు, పేరున్న సరుకే అడిగాడు.

చిక్కు వేరేచోట ఉంది. గిటార్ మీద వాడికి వచ్చిన వేళ్ల విద్యలో చాలా భాగం దీని మీద పనికిరాదు. గిటార్‌కు మెట్లుంటాయి, వేలు కాస్త అటూఇటూ పడినా స్వరం సరిగ్గానే పలుకుతుంది. ఇక్కడ ఉన్నవి గీతలే, కడ్డీ వెంట్రుకవాసి పక్కకు జరిగితే అపస్వరం. శ్రుతి పద్ధతీ వేరు. కంట్రీ వాళ్లు ఎక్కువగా వాడేది ఈ-నైన్ అనే అమరిక. అందులో మొదటి పెడల్ 'బి' తీగల్ని 'సి షార్ప్'కూ, రెండోది 'జి షార్ప్' తీగల్ని 'ఎ'కూ ఎత్తుతుంది. కడ్డీ కదపకుండా రెండూ కలిపి తొక్కితే 'ఈ మేజర్' కాస్తా 'ఎ మేజర్' అవుతుంది. చదవడానికి తేలికే. ఎడమ పాదం, రెండు మోకాళ్లు, కుడి పాదం, రెండు చేతులు ఒకేసారి వేర్వేరు పనులు చేస్తూ ఇదంతా శ్రుతిలో ఉంచడానికి ఏళ్లు పడుతుంది. గిటారిస్ట్‌గా మీవాడికి కలిసొచ్చేది చెవి, తీగల మధ్య సంబంధం తెలియడం, స్టూడియో మర్యాద. అది తక్కువేం కాదు, కానీ దాన్ని నమ్ముకుని చదువు మానేయలేం.

వాడు మీకు జెర్రీ గార్సియా పేరు చెప్పే ఉంటాడు. గిటార్ వాయించే కుర్రాళ్లందరూ చెప్తారు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంలో గిటారిస్ట్ అయిన ఆయన పెడల్ స్టీల్ పట్టిన కొద్ది కాలానికే, 1970లో వచ్చిన క్రాస్బీ, స్టిల్స్, నాష్ అండ్ యంగ్ పాట ఒకదానికి వాయించాడు, అది జనం నోళ్లలో నిలిచింది. నిజమే. అప్పటికే ఆయన జెర్రీ గార్సియా, పిలిచినవాళ్లు స్నేహితులు. కొత్త వాద్యం మీద తడబడినా ఆగి ఇంకోసారి వాయించే చనువు ఆయనకు ఉంది. కడప నుంచి ఫైలు పంపే కుర్రాడికి ఆ చనువు ఎవరూ ఇవ్వరు.

ఇక పోటీ ఉండదన్న మాట. అంగడి నడిపే మీకు నేను కొత్తగా చెప్పేదేముంది, ఊళ్లో ఎవరూ అమ్మని రకం తెచ్చిపెట్టినంత మాత్రాన గిరాకీ వస్తుందా? తెలుగులో రోజూ రికార్డయ్యే సినిమా, ప్రైవేటు, భక్తి పాటల్లో పెడల్ స్టీల్ కావాలని అడిగేవాళ్లు బహు అరుదు. అడిగినా కీబోర్డు మీద దగ్గరి శబ్దం పెట్టి సరిపెట్టేస్తారు. గిరాకీ ఉన్నది అమెరికాలో, అక్కడ చిన్నప్పటి నుంచీ అదే పనిగా ఉన్నవాళ్లు కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో కూర్చుని ఉన్నారు.

మరి వాడి మాటలో నిజమన్న సగం ఏది? ఈ శబ్దాన్ని కంప్యూటర్ నమూనాలతో చేయడం కష్టం. ఒక తీగ జారుతుంటే ఇంకోటి నిలిచి ఉండటం, కడ్డీ వణుకు, వాల్యూమ్ పెడల్‌తో మీటు శబ్దాన్ని దాచి స్వరాన్ని మెల్లగా పైకి తేవడం కీబోర్డు మీద కృతకంగా వినిపిస్తాయి. కాబట్టి నిజంగా వాయించగలిగే మనిషి మన దగ్గర ఉంటే వాడికంటూ చిన్న చోటు ఉంటుంది. దాంతోనే ఇల్లు గడవదు. మంచి రికార్డింగ్ గిటారిస్ట్‌కు అకూస్టిక్, నైలాన్ తీగలది, ఎలక్ట్రిక్, మాండలిన్‌తో పాటు ఇంకొక వాద్యంగా ఉంటే అది అన్నం పెట్టే పనికి తోడవుతుంది. ముందుగా అన్నం పెట్టే పని గట్టిపడాలి.

పాత వాద్యం గురించి ఒక హెచ్చరిక. యాభై ఏళ్ల పెడల్ స్టీల్ అంటే యాభై ఏళ్ల యంత్రం. కింద కడ్డీలు, వాటిని తిప్పే చిన్న మడత ముక్కలు, తీగల్ని లాగే వేళ్లలాంటి భాగాలు అన్నీ అరుగుతాయి, జిగురు పడతాయి. 1970ల చివరి షో-బడ్ మోడళ్లలో కొన్ని భాగాలు చవక పోత లోహంతో చేశారు, అవి విరుగుతాయన్న పేరుంది. విరిగితే కడపలో కాదు, బెంగళూరులోనే బాగుచేసే మనిషి దొరకడం కష్టం. మూడో తీగ చాలా సన్నం, 11 నంబరు, తరచూ తెగుతుంది. సెట్లు బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. పెడల్ తొక్కినప్పుడు వాద్యం ఒళ్లంతా కాస్త వంగి, తొక్కని తీగల శ్రుతి కూడా కిందికి దిగుతుంది. పాతవాటిలో కొన్నిట్లో ఇది వినబడేంత ఉంటుంది. మే నెలలో కడప గదిలో మధ్యాహ్నం కలిపిన శ్రుతి సాయంత్రానికి ఉండదు. పైగా పెట్టె, కాళ్లతో కలిపి దాదాపు ఇరవై కిలోలు, రెండు వరసలదైతే ఇంకా ఎక్కువ. ఆర్టీసీ బస్సులో హాస్టల్‌కీ ఇంటికీ తిప్పే వస్తువు కాదు.

ఇంకో సంగతి అమ్మేవాడు చెప్పడు. తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగాన్ని పికప్ అంటారు. పాత సింగిల్ కాయిల్ పికప్ మన ఇళ్లలోని ప్రతి గోలనూ పట్టేస్తుంది. ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్, ట్యూబ్‌లైట్, సరిగా లేని ఎర్తింగ్, అన్నీ కలిసి ఒక గుమ్మనే రొద. ఇప్పుడు వాడు పంపే గిటార్ ఫైళ్లలో ఆ రొద ఉందో లేదో హెడ్‌ఫోన్ పెట్టుకుని మీరే వినండి. ఉంటే మీ రెండున్నర లక్షల్లో మొదటి ఖర్చు ఎలక్ట్రీషియన్‌కు. ఎర్త్ సరిచేయించడం, గిటార్‌నీ మైక్‌నీ కంప్యూటర్‌కు కలిపే మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, మైక్ ఒకటి, హెడ్‌ఫోన్లు, గదికి నాలుగు మందపాటి దుప్పట్లు. యాభై వేల లోపు చేయొచ్చు. ఇది ఏ వాద్యం వాయించినా పనికొస్తుంది, వాడు రేపు గిటార్ మానేసినా పనికొస్తుంది.

స్టీల్ మీద మోజు తీరాలంటే పెడళ్లు లేని ల్యాప్ స్టీల్‌తో మొదలుపెట్టమనండి. కొత్తది కొనక్కర్లేదు. వాడి పాత అకూస్టిక్ గిటార్‌కు తీగల్ని ఎత్తుగా నిలిపే చిన్న లోహపు నట్ తొడిగి, ఒళ్లో పడుకోబెట్టి, కడ్డీతో వాయించవచ్చు. హవాయి దీవుల్లో ఈ విద్య పుట్టింది ఇలాగే. ఏడాది పాటు రోజూ గంట. పరీక్ష ఒకటే: కీబోర్డు మీద నిలబెట్టిన స్వరానికి, శ్రుతి చూపించే ట్యూనర్ వైపు చూడకుండా, కళ్లు మూసుకుని కడ్డీని చేర్చడం, దాన్ని రికార్డు చేసి మర్నాడు వినడం. ఈ చాకిరీ విసుగనిపిస్తే పెడల్ స్టీల్ ఇంకా విసుగు, ఎందుకంటే అందులో సగం పని ఇదే.

ఇక్కడ మీవాడు బెంగళూరు వైపు చూసినంతగా మన ఇంటి వైపు చూసినట్టు లేదు. మెట్లు లేని తీగల మీద ముక్క జార్చి వాయించే చిత్రవీణ, అదే గోటువాద్యం, మన కర్ణాటక సంగీతంలోదే. గిటార్‌నే మార్చి మోహన వీణ చేసుకున్న విశ్వమోహన్ భట్‌కు 1994లో గ్రామీ వచ్చింది. ఆయన అక్కడివాళ్లలా వాయించి తెచ్చుకోలేదు, తనకు వచ్చిన రాగం వాయించి తెచ్చుకున్నాడు. మీ ఊళ్లో గాత్రం నేర్పే టీచరు దగ్గర వాడిని రెండేళ్లు కూర్చోబెట్టండి. కల్యాణిలోనో మోహనలోనో గమకం గొంతులో పలికాక ఆ స్వరాన్ని కడ్డీ మీదికి తెస్తే, నాష్‌విల్‌లో ఉన్నవాడి నుంచి రానిది మీవాడి నుంచి వస్తుంది. బయటివాళ్లు డబ్బిచ్చి అడిగేది అలాంటిదాన్ని. చర్చిలో వాయిస్తాడు కాబట్టి ఇంకో మాట: అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ చర్చిల్లో 1930ల నుంచీ స్టీల్ గిటారే ఆరాధన వాద్యం. పేరున్న పెడల్ స్టీల్ వాద్యకారుడు రాబర్ట్ రాండాల్ఫ్ అక్కడి నుంచి వచ్చినవాడే. ఆదివారం వాయించే చోటే ల్యాప్ స్టీల్‌తో రెండు పల్లవులు వాయించి చూడమనండి. జనం ముందు శ్రుతి నిలబడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

రికార్డింగ్ పని గురించి వాడికే రెండు మాటలు. నాయనా, ఫైలు పంపేటప్పుడు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా పంపు. ఎఫెక్టులతో ఒకటి, ఏ ఎఫెక్టూ లేనిది ఒకటి. స్టీల్ అయినా స్లైడ్ అయినా ఒకే వాయింపును నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకీ, ఆంప్ ముందు మైక్‌తోనూ కలిపి పట్టు, మిక్స్ చేసేవాడు తనకు కావలసింది తీసుకుంటాడు. గొంతు పాడుతున్నంతసేపూ జారుస్తూ ఉండకు, గాయని ఊపిరి తీసుకునే చోటు కోసం ఆగు. కొత్త స్టీల్ ప్లేయర్ల ఫైళ్లు తిరిగొచ్చేది ఎక్కువగా ఇందుకే. చెప్పిన రోజుకు పంపు. డబ్బెంత, పేరు వేస్తారా లేదా అన్నది వాయించకముందే వాట్సాప్‌లో అయినా రాతలో పెట్టించుకో. మన కాపీరైట్ చట్టంలో వాద్యకారుడికి కూడా ప్రదర్శన హక్కు ఉంది, అది 50 ఏళ్లు ఉంటుంది. సంతకం పెట్టే కాగితంలో దాన్ని ఏం చేస్తున్నారో చదువు.

చదువు విషయం. బీఎస్సీ పూర్తి చేయడం సంగీతానికి అడ్డం కాదు, దారి. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగ్ పీజీ కోర్సులు ఉన్నాయి, డిగ్రీ లేనివాడికి వాటిలో సీటు రాదు. మిగతా అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. చెన్నై, హైదరాబాద్‌లలో ప్రైవేటు ఆడియో ఇంజనీరింగ్ డిప్లొమాలు చాలా ఉన్నాయి, ఫీజు కట్టేముందు అక్కడ చదివి బయటికొచ్చిన ఇద్దరితో మాట్లాడండి. గిటార్‌లో ట్రినిటీ కాలేజ్ లండన్ రాక్ అండ్ పాప్ పరీక్షలు గ్రేడ్ 8 దాకా ఉంటాయి. పెద్ద స్కూళ్లలో గిటార్ టీచర్‌గా చేరాలంటే ఆ కాగితం పనికొస్తుంది. నెలనెలా వచ్చే పాఠాల డబ్బు రికార్డింగులు లేని నెలల్ని దాటిస్తుంది. కడప ఆకాశవాణి 1963 నుంచీ ఉంది. ఆడిషన్ ప్రకటన పడినప్పుడు ఏ వాద్యాలకు పిలుస్తున్నారో చూసి దరఖాస్తు పెట్టమనండి.

అలక విషయానికొస్తే, 'వద్దు' అని ఊరుకుంటే వాడు అప్పు చేసి కొంటాడు. లెక్క ముందు పెట్టండి. డిగ్రీ పాసవ్వాలి, ల్యాప్ స్టీల్ మీద ఏడాది సాధన సాగాలి, గిటార్ రికార్డింగులతో వాడి సొంత సంపాదన నెలకు ఇంత అని మీరిద్దరూ కూర్చుని రాసుకున్న మొత్తానికి చేరాలి. ఈ మూడూ జరిగిన రోజున బెంగళూరు వెళ్లండి. అప్పటికి ఆ షో-బడ్ అమ్ముడైపోతే పోనివ్వండి, ఇంకొకటి వస్తుంది. వెళ్లినప్పుడు ఆ వాద్యం తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ప్రతి పెడల్, ప్రతి మోకాలి మీట పదిసార్లు తొక్కి వదిలి, తీగ ప్రతిసారీ అదే శ్రుతికి తిరిగొస్తుందో లేదో ట్యూనర్ పెట్టి చూడాలి. రాకపోతే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.