గొంతు చిన్నదైతే క్లాసు మాట వినదా?

ప్రశ్న: బీఎస్సీ మ్యాథ్స్ ఫైనలియర్ చదువుతున్నాను. బీఈడీ చేసి టీచర్ కావాలని ఉంది. కానీ నేను నెమ్మదస్తురాలిని, గొంతు కూడా చిన్నది. "టీచర్‌కి లీడర్‌షిప్ ఉండాలి. నలభై మంది పిల్లల్ని నువ్వేం అదుపు చేస్తావు? బ్యాంకు పరీక్షలకు చదువుకో" అంటున్నారు ఇంట్లో. వాళ్లన్నది నిజమేనా?
- ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: టీచర్‌కి లీడర్‌షిప్ ఉండాలన్నది నిజమేనమ్మా. అది గొంతులో ఉంటుందనుకోవడమే పొరపాటు.

నేను చూసిన ఒక ఏడో తరగతి క్లాసు గురించి చెబుతాను. మేడమ్‌గారు మీలాగే మెల్లగా మాట్లాడే మనిషి. బోర్డు మీద 1/2 + 1/3 రాసి ఎంతని అడిగారు. వెనక బెంచీ అబ్బాయి 2/5 అన్నాడు. పైనవి పైన, కిందవి కింద కలిపేశాడు. ఆవిడ తప్పనలేదు. 2/5 అని బోర్డు మీద రాసి, "సగం రొట్టె నీ దగ్గరుంది. దానికి ఇంకో ముక్క కలిపాను. ఇప్పుడు సగం కంటే ఎక్కువుండాలా, తక్కువా?" అని అడిగి ఊరుకున్నారు. క్లాసంతా నిశ్శబ్దం. కాసేపటికి ఆ అబ్బాయే లేచి, "ఐదులో రెండంటే సగం కూడా లేదు మేడమ్, నాది తప్పు" అన్నాడు. పక్కవాళ్లెవరూ నవ్వలేదు. తప్పు చెప్పినా పరువు పోదన్న ధైర్యం ఆ క్లాసులో ఉంది. ఆ ధైర్యం ఇచ్చింది ఆవిడే. నా దృష్టిలో క్లాసును నడిపించడమంటే అదే.

అలా ఆగడం చాలామందికి చేతకాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు క్లాసుల టేపులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని 1970లలోనే చూపించారు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న చోట పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడారు. నెమ్మదితనం మీకు పనికొచ్చేది ఇక్కడే.

నాది పెద్ద గొంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఇంకోసారి మాట్లాడితే బయటికి పంపిస్తా" అని రోజూ అరిచేవాడిని, ఒక్కసారీ పంపలేదు. మూడో రోజుకే పిల్లలకు నా సంగతి అర్థమైపోయింది. ఆ ఏడాదంతా క్లాసుకు వెళ్లాలంటేనే టెన్షన్. చెప్పింది చెయ్యడం, చెయ్యలేనిది చెప్పకపోవడం ఆ తర్వాతే నేర్చుకున్నాను. సోమవారం నోట్‌బుక్స్ చూస్తానంటే సోమవారమే చూడాలి. పిల్లలు దీన్ని ఇట్టే కనిపెట్టేస్తారు.

ఇక దారి విషయం. ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరాలి, రెండేళ్లు. తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, ఆపైన ప్రభుత్వ టీచర్ ఉద్యోగాలకు డీఎస్సీ. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి టెట్‌ని పాసైతే చాలనుకోవద్దు. ఈ పరీక్షల్లో పిల్లల మనస్తత్వం మీద ప్రశ్నలుంటాయి గానీ, నలభై మంది ముందు నిలబడటం మాత్రం ఎవరూ పరీక్షించరు. అది నేర్చుకునేది ఇంటర్న్‌షిప్‌లో. రెండేళ్లలో కలిపి 20 వారాలు స్కూల్లో ఉండాలి. కొన్ని కాలేజీల్లో రికార్డులు కాపీ చేయించి ఇది అయిపోయిందనిపిస్తారు. అలాంటి చోట చేరకండి. సీనియర్లను కలిసి, ఎన్ని రోజులు నిజంగా స్కూలుకు పంపారో అడిగాకే కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టండి. ప్రైవేటు స్కూళ్లలో డెమో క్లాసు చూస్తారు కాబట్టి అక్కడా ఈ అనుభవమే పనికొస్తుంది.

ఇంట్లోవాళ్లకు బ్యాంకు ఉద్యోగమంటే ఉన్న నమ్మకం నాకు అర్థమవుతుంది. వాళ్లతో వాదన వద్దు. ఈ సెలవుల్లో మీ వీధిలో ఆరుగురు పిల్లల్ని పోగుచేసి, రెండు వారాలు సాయంత్రం గంటసేపు లెక్కలు చెప్పండి. మొదటి రోజే అందరి పేర్లూ నేర్చుకోండి. ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి. రెండో వారంలో ఎంతమంది పిలవకుండానే వచ్చారో చూసుకుని, అప్పుడు నాకు మళ్లీ రాయండి. కాలేజీ ఎంపిక గురించి అప్పుడు మాట్లాడుకుందాం.