పెదనాన్న ఉత్తరం: నీ గురువారం రాత్రి రాక్ షో గురించి

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. యూనివర్సిటీ రేడియోలో గురువారం రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా పాత రాక్ పాటల షో నీకిచ్చారట. రేడియోలో విని విని విసుగొచ్చిందని జెప్పెలిన్, ఈగిల్స్, పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ల పాట ఒక్కటి కూడా వెయ్యనని ఒట్టు పెట్టుకున్నావట. మన పిల్ల ఒహైయోలో మైకు ముందు కూర్చోబోతోందని మీ పెద్దమ్మ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది. నాకూ గర్వంగానే ఉంది. ఆ ఒట్టు సంగతి వినేసరికి మాత్రం కంగారు పుట్టింది. స్టేషన్లకి పాటల లిస్టులు కట్టడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

నీకు ట్రైనింగ్‌లో చెప్పేవి ఎలాగూ చెప్తారు. అరగంట ముందే వెళ్లు. హెడ్‌ఫోన్లు నీవే తీసుకెళ్లు. గంట మారేటప్పుడు కాల్ లెటర్స్ (స్టేషన్‌కి ఇచ్చిన అక్షరాల పేరు), లైసెన్సు ఉన్న ఊరి పేరు చెప్పడం మానకు.

ఇక అసలు విషయం. కారెక్కి రేడియో పెడితే ఎప్పుడూ అవే పాటలని నువ్వు విసుక్కోవడం న్యాయమే. కానీ ఆ విసుగు బ్యాండు మీదో, లిస్టు మీదో తేల్చుకో. థిన్ లిజ్జీవి డజను స్టూడియో ఆల్బమ్‌లున్నాయి. అమెరికా రేడియోలో నువ్వు విన్నది బహుశా ఒక్క పాట. లినర్డ్ స్కినర్డ్‌వి రెండో మూడో. ఇంట్లో రోజూ పప్పే వండి, పప్పంటేనే మొహం మొత్తిందంటే తప్పు కందిపప్పుది కాదుగా తల్లీ. లిస్టు కట్టినవాళ్లది.

ఈ లిస్టు ఇలా ఎందుకు కుంచించుకుపోయిందో నీకు తెలియాలి. లేకపోతే అదే తప్పు నువ్వు రెండో వైపు నుంచి చేస్తావు. 1967లో పెద్ద ఊళ్ల స్టేషన్లకి ఒక నిబంధన అమల్లోకొచ్చింది: ఏఎంలో వేసిందే ఎఫ్‌ఎంలోనూ రోజంతా వెయ్యకూడదు. ఎఫ్‌ఎంకి కొత్త సరుకు కావాల్సివచ్చింది. అదే ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలో కేఎమ్‌పీఎక్స్ స్టేషన్‌లో టామ్ డోనహ్యూ లాంటివాళ్లు డీజే చేతికే పాటల ఎంపిక వదిలేశారు. ఆల్బమ్ ఒక వైపంతా కూడా వేసేవాళ్లు. డెబ్బైల్లో లీ ఏబ్రమ్స్ వంటి కన్సల్టెంట్లు వచ్చి ఆ స్వేచ్ఛకి కంచె కట్టారు. 1985లో మిషిగన్‌లోని లాన్సింగ్‌లో ఫ్రెడ్ జేకబ్స్ డబ్ల్యూఎమ్ఎమ్‌క్యూ స్టేషన్‌తో క్లాసిక్ రాక్‌ని ప్రత్యేక ఫార్మాట్‌గా నిలబెట్టాడు. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఒక కంపెనీకి దేశం మొత్తంమీద ఇన్నే స్టేషన్లుండాలన్న పరిమితిని ఎత్తేసింది. ఆ తర్వాత ఊరు మారినా లిస్టు మారలేదు.

అసలు తప్పు జరిగింది ఏ పాట ఉంచాలో తేల్చడానికి శ్రోతలతో పెట్టే పరీక్షల్లో. హోటల్ హాల్లో వందమందిని కూర్చోబెట్టి, పాటకి ఏడెనిమిది సెకన్ల ముక్క వినిపిస్తారు. దాన్నే హుక్ అంటారు. అలా ఒక్క పూటలో కొన్ని వందల పాటలు. వినేవాళ్లు ప్రతిదానికీ మార్కులేస్తారు. తెలియకపోతే ‘తెలియదు’ అనీ, విని విని విసుగొస్తే అదీ రాస్తారు. ఆ రెండోదానికి ఈ వ్యాపారంలో ‘బర్న్’ అని పేరు. ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి. మెల్లగా మొదలై ఐదో నిమిషానికి రాజుకునే పాట ఎనిమిది సెకన్లలో ఏం నిలబడుతుంది? అలాంటివి ముందే రాలిపోయాయి. రెండోది ఇంకా చెడ్డది. ‘తెలియదు’ అన్న జవాబుని ‘నచ్చలేదు’ కిందే జమకట్టి ఆ పాట తీసేశారు. తీసేశాక మరుసటేడు దాన్ని విన్నవాళ్లు ఇంకా తగ్గారు, మార్కులు ఇంకా పడిపోయాయి. బర్న్ ఎంతున్నా సరే, అందరికీ తెలిసిన పాట మాత్రం పదిలంగా కూర్చుంది. ఏటేటా ఇదే వడపోత జరిగితే వేల పాటల లైబ్రరీ నాలుగైదు వందలకి దిగకుండా ఎలా ఉంటుంది?

ఆ నాలుగైదు వందలైనా సమానంగా తిరగవు. లెక్క చూడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు వేసే గట్టి పాటల కేటగిరీలో 80 పాటలు పెట్టి గంటకి నాలుగేస్తే, వరస 20 గంటలకోసారి మొదటికొస్తుంది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చిన పాట గురువారం సాయంత్రం నాలుగింటికి, శనివారం పొద్దున మళ్లీ ఎనిమిదింటికి తగులుతుంది. మధ్యలో వేరే వేళల్లో వచ్చేవి అదనం. అదే 96 పాటలైతే మరీ ఘోరం, సరిగ్గా 24 గంటలు. రోజూ అదే వేళకి అదే పాట. అందుకే షెడ్యూల్ చేసేవాళ్లు ఇరవై నాలుగుతో సులువుగా కలిసే అంకెలకి దూరంగా ఉండాలి. చాలాచోట్ల ఆ శ్రద్ధ పెట్టలేదు. నీ విసుగులో సగం ఈ కూడికలో ఉంది.

ఇప్పుడు నీ ఒట్టు సంగతి. తెలిసినవి మాత్రమే వేస్తామని ఆ స్టేషన్లవాళ్లు పాడుచేశారు. తెలియనివి మాత్రమే వేస్తానని నువ్వు బయల్దేరావు. ముక్కూ మొహం తెలియని పాటలు వరసగా మూడొస్తే గురువారం రాత్రి కారు నడిపేవాడు నాలుగోదాకా ఉండడు. చిన్నపిల్లలా పంతం పట్టకు బంగారం, వినేవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించు.

కొలత ఇది. 120 నిమిషాల్లో నీ మాటలూ స్టేషన్ అనౌన్స్‌మెంట్లూ 12 నిమిషాలు తీసేస్తే 108 మిగులుతాయి. సగటున నాలుగున్నర నిమిషాలనుకుంటే 24 పాటలు. ఆరేసి చొప్పున నాలుగు కట్టలు చెయ్యి. ప్రతి కట్టలో అందరికీ తెలిసిన పాట ఒకటి, తెలిసిన బ్యాండు తాలూకు తెలియని పాటలు మూడు, రేడియో పట్టించుకోని బ్యాండ్లవి రెండు. ఆ రెండూ పక్కపక్కన పడకూడదు.

నమూనాకి ఒక కట్ట. టామ్ పెట్టీ ‘రెఫ్యూజీ’తో మొదలుపెట్టు, మూడున్నర నిమిషాలు కూడా ఉండదు. తర్వాత థిన్ లిజ్జీ 1976 ఆల్బమ్‌లోంచి ‘ఎమరాల్డ్’. అందులోని జంట గిటార్ల మీదుగా విష్‌బోన్ యాష్‌కి దాటు, 1972 నాటి ‘బ్లోయిన్ ఫ్రీ’. ఈ రెండు బ్యాండ్లనీ ఒకదాని పక్కన ఒకటి వింటే జంట గిటార్ల పోలిక నువ్వు చెప్పక్కర్లేదు. తర్వాత స్కినర్డ్ ‘బ్యాలడ్ ఆఫ్ కర్టిస్ లోవ్’, దాని పక్కన లిటిల్ ఫీట్ ‘విల్లిన్’, చివర జెప్పెలిన్ ‘టెన్ ఇయర్స్ గాన్’. మొత్తం సుమారు 27 నిమిషాలు. అవును, జెప్పెలినే. 1975 నుంచీ ‘ఫిజికల్ గ్రాఫిటీ’ డబుల్ ఆల్బమ్‌లో ఉన్న పాటే. నువ్వు ఒట్టు తీసి గట్టున పెట్టి ఒకసారి పూర్తిగా విను, తర్వాత నాతో దెబ్బలాడు.

వివరాలు పాట అయ్యాక చెప్పు. ఇదెవరిదబ్బా అన్న ప్రశ్న పుట్టేది అప్పుడే. బ్యాండు, పాట, ఆల్బమ్, సంవత్సరం, ఒక్క వాక్యం కబురు, అంతే. చిన్నప్పుడు మీ నాన్న వివిధభారతి జనరంజనికి కార్డు ముక్క రాసి, తన పేరు చదువుతారని రేడియో దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. అడిగినవాళ్ల పేరు గాలిలో పలికితే ఎంత ఆప్యాయంగా ఉంటుందో అతన్నడుగు. ఫోన్ చేసి పాట అడిగిన వాళ్ల పేరు నువ్వు కూడా చదువు.

ప్రతి షోలో వేసిన పాటల లాగ్ ఒక షీట్‌లో రాసుకో. ఆర్నెల్లదాకా ఏ పాటా రెండోసారి రాకూడదంటే 26 వారాలు, వారానికి 24, మొత్తం 624 పాటలు కావాలి. ఇప్పటినుంచే పోగెయ్యి.

శబ్దం లెవెల్స్ జాగ్రత్త. ఎనభైల నాటి సీడీ నుంచి తీసిన పాట మెల్లగా ఉంటుంది, కొత్త రీమాస్టర్ (అదే రికార్డింగుని మళ్లీ సరిచేసి వదిలినది) మీద పడినట్టుంటుంది. రెండూ పక్కపక్కన వస్తే మీటరు చూసి, చెవితో విని, శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ సరిచెయ్యి. ఒక పాటలోంచి ఇంకోదానిలోకి కలిసిపోయే ఆల్బమ్‌లలో ట్రాక్ చివర కత్తిరించినట్టు ఆగుతుంది. ఫ్లాయిడ్‌ది ఏది వేసినా ఆ ఆఖరి పది సెకన్లు ముందే విని ఫేడ్ చేసుకో. తర్వాతి పాట ఎప్పుడూ రెండో ప్లేయర్‌లో సిద్ధంగా ఉండాలి, డెడ్ ఎయిర్, అంటే గాలిలో నిశ్శబ్దం, రాకూడదు.

నన్ను నిద్రపోనివ్వనివి వేరే ఉన్నాయి. నీ మొదటి గంట రాత్రి పదికి ముందు. బూతు మాటలకి పది తర్వాతే కొంత సడలింపు, అదీ మీ స్టేషన్ ఒప్పుకుంటేనే. ద హూ వాళ్ల ‘హూ ఆర్ యూ’, ఫ్లాయిడ్ ‘మనీ’, స్టీవ్ మిల్లర్ ‘జెట్ ఎయిర్‌లైనర్’ ఆల్బమ్ వెర్షన్లలో అలాంటి మాటలున్నాయి. అరిగిపోయిన పాటల్లోనే ఈ ప్రమాదం ఉంది చూడు. మీ షో ఇంటర్నెట్‌లోనూ వస్తుంది కాబట్టి స్ట్రీమింగ్ లైసెన్సు షరతులు వర్తిస్తాయి. ఏ మూడు గంటల్లోనైనా ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకి మించకూడదు, వరసగా రెండే. ఒకే ఆర్టిస్టువి నాలుగుకి మించకూడదు, వరసగా మూడే. ఆల్బమ్ మొత్తం వేద్దామన్న ఆలోచనుంటే మానుకో. రేపటి లిస్టు ఇదీ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ముందే పెట్టకు, అదీ నిషిద్ధమే.

మీ ఊళ్లో మనవాళ్ల హోటల్ ఒకటి స్పాన్సర్ చేస్తుందని విన్నాను. మీది వ్యాపార ప్రకటనలు వెయ్యకూడని నాన్‌కమర్షియల్ స్టేషన్. పేరు, చిరునామా, ఏం అమ్ముతారో చెప్పొచ్చు. బిర్యానీ బ్రహ్మాండమనో, ధర ఇంతనో, వెళ్లి తినండనో నీ నోటివెంట రాకూడదు. ఎవరైనా నీ చేతికే డబ్బిస్తామంటే ముందు డీఎస్‌ఓని, అంటే మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని, అడుగు. అనుమతి లేకుండా బయట పని చేసి ఎఫ్-1 స్టేటస్ పోగొట్టుకున్నాక ఎవరూ అడ్డుపడలేరు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు నాన్నా.

పదకొండింటికి ఒంటరిగా నడిచి రాకు. క్యాంపస్ ఎస్కార్ట్ వ్యాన్ ఉందేమో కనుక్కో, జనవరిలో మెట్ల మీద మంచు గడ్డకడుతుంది. గదికి చేరాక మీ అమ్మకి ఒక మెసేజ్ పెట్టు.

మొదటి వారం లిస్టు ఆదివారంలోపు నాకు పంపు. నిమిషాలతో సహా రాయి. పక్కన గుర్తులు పెట్టి సోమవారం పొద్దున్నే తిరిగి పంపుతాను.

మీ పెదనాన్న