కొత్తగా చేరిన డెవలపర్ల మీద సీనియర్లు ఎందుకంత విసుక్కుంటారు?

ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది, ఏది అడిగినా సీనియర్ "ఇది కూడా తెలీదా" అంటున్నారు, అన్నిచోట్లా ఇంతేనా అని అడిగారు. అన్నిచోట్లా కాదు గానీ చాలాచోట్ల ఇంతే. మాదాపూర్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌గా చేరి, ఇప్పుడు ఫ్రెషర్లు వచ్చే టీమ్‌ని చూసుకుంటున్నాను. రెండు వైపులా చూసింది చెప్తాను.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే ఇది ఫ్రెషర్లకి ఎవరూ చెప్పరు. సర్వీస్ కంపెనీల్లో ఎక్కువగా సీనియర్ పనిచేసిన గంటలకి క్లయింట్ డబ్బు కడతాడు. మిమ్మల్ని మొదట్లో షాడోగా పెడతారు, అంటే మీ పేరు మీద బిల్లింగ్ ఉండదు. మరి మీకు నేర్పడానికి పట్టిన గంటన్నరని సీనియర్ టైమ్‌షీట్‌లో ఎక్కడ రాయాలి? నేను చూసిన ప్రాజెక్టుల్లో దానికి చోటే లేదు. స్ప్రింట్‌లో, అంటే టీమ్ కొన్ని వారాలకి వేసుకునే పని విడతలో, ఆయన పనేమీ తగ్గించరు. అప్రైజల్‌లో "ఇద్దరు ఫ్రెషర్లని తయారుచేశాడు" అని మెచ్చుకుంటారు, రేటింగ్ మాత్రం డెలివరీ చూసి ఇస్తారు. రాత్రి అమెరికా వాళ్లతో కాల్, దానికి ముందు ఒక బగ్ తేల్చాలి, సరిగ్గా అప్పుడే మీరు వెళ్లి "అన్నా, చిన్న డౌట్" అంటారు. ఆ విసుగులో సగం మీ మీద కాదు.

ఇది ఈనాటిదీ కాదు. ఐబీఎంలో సిస్టమ్ 360 కంప్యూటర్ల కోసం ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని. పాతవాళ్లు తమ పని ఆపి కొత్తవాళ్లకి నేర్పాల్సి రావడం అందుకొక కారణం. మన దగ్గర సరిగ్గా డెడ్‌లైన్ మెడమీదికొచ్చాకే "ఇద్దర్ని పంపిస్తున్నాం, వాడుకోండి" అంటారు!

మిగతా సగంలో తప్పు మాత్రం సీనియర్లదే. బండి నడపడం అలవాటైనవాణ్ణి క్లచ్ ఎంత వదలాలో నోటితో చెప్పమంటే చెప్పలేడు. మాదీ అదే పరిస్థితి. మా టీమ్‌లో చేరిన ఒకమ్మాయికి రోజుల తరబడి బిల్డ్ అవలేదు, అంటే కోడ్ నడిచే ప్రోగ్రామ్‌గా తయారవలేదు. అడిగిన ప్రతివాళ్లూ "నాకు అవుతోందే" అన్నారు. తీరా చూస్తే, బిల్డ్ చేసే టూల్ మేవెన్ సెట్టింగ్స్ ఫైల్‌లో, లైబ్రరీలు దొరికే కంపెనీ సొంత రిపాజిటరీ అడ్రస్ పెట్టాలి. అందరూ ఎప్పుడో చేరినప్పుడు పెట్టుకుని మర్చిపోయారు. ఆ అమ్మాయి జావా బాగా చదువుకునే వచ్చింది, కానీ ఈ ఫైల్ సంగతి ఏ కాలేజీలో చెప్తారు, అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్తారు? ఈలోగా "ఆ అమ్మాయి కొంచెం స్లో" అని పేరు పడిపోయింది. అలా పడ్డ పేరు పోవడానికి ఏడాది పడుతుంది.

కొత్తవాళ్లకి కోడ్ నేర్పడమే పెద్ద పని అని సీనియర్లు అనుకుంటారు. మొదటి నెలలో వాళ్లకి కావాల్సింది అది కాదు. వీపీఎన్, డేటాబేస్ పర్మిషన్, ఆ పర్మిషన్ కోసం టికెట్ (రిక్వెస్ట్) ఎవరికి వెయ్యాలి, లాగ్స్ (ప్రోగ్రామ్ ఏం చేసిందో నమోదయ్యే ఫైళ్లు) ఏ సర్వర్‌లో ఉంటాయి, ఏ పేరు వింటే భయపడాలి, ఏ పేరుకి అక్కర్లేదు. "లాగ్ చూశావా?" అనడం మంచి ప్రశ్నే, లాగ్ ఎక్కడుంటుందో తెలిసినవాళ్లకి. "డాక్యుమెంట్ చదువు" అంటాం, అది రాసినవాడు కంపెనీ వదిలేసి ఎన్నాళ్లయిందో. అందుకే ఇప్పుడు మా దగ్గర సెటప్ డాక్యుమెంట్‌ని కొత్తగా చేరినవాళ్ల చేతే సరిచేయిస్తున్నాం. ఎక్కడ ఆగిపోయారో వాళ్లకే కదా తెలిసేది.

ఇంకోటి, "అర్థమైందా?" అని అడిగితే ఫ్రెషర్ నోట్లోంచి వచ్చేది "అర్థమైంది" ఒక్కటే. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలైతే గ్రూప్ చాట్‌లో ఇంగ్లీషులో తప్పు రాస్తామేమోనన్న టెన్షన్‌తోనే అడగరు. విడిగా తెలుగులో మాట్లాడితే మంచి ప్రశ్నలు వస్తాయి. "సరే, ఇప్పుడు మొదట ఏం చేస్తావు, చెప్పు" అంటే ఎంత అర్థమైందో ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఈ దురుసుతనం మన ఆఫీసులకే పరిమితం కాదు. లినక్స్‌ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి దాని కెర్నల్‌కి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, కోడ్ పంపేవాళ్లని ఘాటుగా తిట్టి, 2018 సెప్టెంబర్‌లో క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నాడు. అదే ఏడాది, ప్రోగ్రామర్లు డౌట్లు అడిగి జవాబులు పొందే స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లు కూడా తమ సైట్‌లో చాలామందికి, ముఖ్యంగా కొత్తవాళ్లకి, ఆదరణ దొరకడం లేదని ఒప్పుకున్నారు. అక్కడి గొడవ నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. పాతవాళ్లకి ఒకే ప్రశ్న రెండుసార్లు లేని శుభ్రమైన భండారం కావాలి, కొత్తవాడికి ఈ రాత్రికి తన ఎర్రర్ పోవాలి. ఇద్దరి అవసరమూ న్యాయమైనదే, కానీ తలుపు మూసే అధికారం ఒకరి చేతిలోనే ఉంది.

ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చాక డౌట్లు తగ్గాయని సీనియర్లు సంబరపడుతున్నారు. నాకేమో భయంగా ఉంది. రివ్యూకి వచ్చిన కోడ్‌లో ఈ లైన్ ఎందుకుందని అడిగితే రాసినవాళ్లే చెప్పలేకపోతున్నారు.

ఇక మీ వైపు. "హాయ్ అన్నా" అని పంపి జవాబు కోసం ఎదురుచూడొద్దు, మాలో చాలామందికి ఒళ్లు మండేది దానికే. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పంపొద్దు, ఎర్రర్ టెక్స్ట్ పేస్ట్ చెయ్యండి. ఏం చేయబోయారు, ఏం వచ్చింది, అప్పటికే ఏమేం ప్రయత్నించారు, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో రాయండి. అరగంట, ముప్పావుగంట తంటాలు పడ్డాక అడగడానికి మొహమాటపడకండి. రెండు రోజులు దాచిపెట్టి స్టాండప్‌లో (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో) బయటపెడితేనే అసలు తిట్లు. వీలైతే రోజూ మధ్యాహ్నం ఒక పదిహేను నిమిషాలు ఇవ్వమని ముందే అడిగి క్యాలెండర్‌లో పెట్టించుకోండి. చాలామంది సీనియర్లు దీనికి ఒప్పుకుంటారు, వాళ్ల కోపం పని మధ్యలో లేపినందుకే.

ఇవన్నీ చేసినా మీ సీనియర్ నలుగురిలో "ఇది కూడా తెలీదా" అంటూనే ఉంటే అది పని ఒత్తిడి కాదు. మేనేజర్‌తో విడిగా మాట్లాడేటప్పుడు ఆయన స్వభావం జోలికి వెళ్లకండి. ఏ టికెట్ ఎన్నాళ్లు ఆగింది, ఎవర్ని ఎప్పుడు అడిగారు అన్నది రాసుకెళ్లి చూపించి, సందేహాలకి టీమ్‌లో ఇంకొకర్ని కేటాయించమని అడగండి. మీరు అడిగితే కాదనేంత పెద్ద కోరిక కాదది.