సగటు పిచర్ అయినా చాలంటున్న నాన్నగారికి

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 15 ఏళ్లు, టెన్త్ గ్రేడ్. బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు, గంటకి 82 మైళ్ల వేగంతో వేస్తున్నాడు. పెద్ద స్టార్ కానక్కర్లేదు, అన్నిటికన్నా పై స్థాయి మేజర్ లీగ్‌లో సగటు స్టార్టింగ్ పిచర్ (మ్యాచ్ మొదటి నుంచి బంతి వేసేవాడు) అయినా ఏడాదికి 10 మిలియన్ డాలర్లు వస్తాయట. చదువులో ఎక్కువగా బి గ్రేడ్‌లే. కోచ్ బంతి వేగం పెంచే వెలాసిటీ ప్రోగ్రామ్‌లో చేర్చమంటున్నాడు. ఈమధ్య మోచేతి లోపలి వైపు నొప్పి అంటున్నాడు, పెద్దదేం కాదులెండి. దీని మీదే డబ్బు పెట్టాలా, కంప్యూటర్ సైన్స్ వైపు తిప్పాలా? రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: ముందు మోచెయ్యి సంగతి, లెక్కలు తర్వాత. 15 ఏళ్ల పిచర్‌కి మోచేతి లోపలి వైపు నొప్పి వస్తే "పెద్దదేం కాదులెండి" అనే హక్కు మీకు లేదు, కోచ్‌కీ లేదు. ఆ వయసులో ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఆ పెరిగే చోటే దెబ్బతిని ఉండొచ్చు, లిగమెంట్ మీద భారం పడి ఉండొచ్చు, ఏమీ కాకపోయి కూడా ఉండొచ్చు. ఏదైనదీ స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ చెప్పాలి. ఆయన చూసేదాకా పిల్లాడి చేత బంతి వేయించకండి.

ఇక మీ లెక్క. పది మిలియన్లు అనే అంకె గాలివార్త కాదు. ఫ్రీ ఏజెంట్‌గా, అంటే ఏ జట్టుతోనైనా బేరమాడే స్వేచ్ఛతో, సంతలోకి వచ్చిన మామూలు స్టార్టర్‌కి జట్లు ఏడాదికి పది మిలియన్లు, అంతకుమించి కూడా ఇస్తూనే ఉన్నాయి. అయితే ఆ సగటు ఎవరి మధ్యలోంచి తీసిందో చూడండి. మేజర్ లీగ్‌లో 30 జట్లు, జట్టుకి ఐదుగురు స్టార్టర్లు. మొత్తం 150 చోట్లు. అమెరికా, డొమినికన్ రిపబ్లిక్, వెనెజ్వెలా, జపాన్, కొరియా పిల్లలందరూ ఈ 150 కోసమే చూస్తుంటారు. అందులో సగటువాడంటే ప్రపంచంలో డెబ్బై అయిదో వాడు. మీరు అతన్ని తెచ్చి లక్షల మంది పనిచేసే రంగంలో మధ్యస్తంగా ఉన్న ఇంజనీర్ పక్కన నిలబెడుతున్నారు. ఇంజనీర్లలో డెబ్బై అయిదో వాడి జీతంతో పోల్చి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మీకు తెలిసిన పేరే చెబుతాను, మీ టెక్సస్ రేంజర్స్‌కి ఆడిన కైల్ గిబ్సన్. ఎవరూ ఆయన్ని గొప్ప పిచర్ల జాబితాలో వేయరు. ఏడాది పొడుగునా తన వంతు రాగానే వచ్చి ఇన్నింగ్స్ మోసే మనిషిగానే పేరు. 2009 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేప్పుడు, మిసోరి యూనివర్సిటీ నుంచి మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా ట్విన్స్ జట్టు తీసుకుంది. 2011లో మోచేతికి టామీ జాన్ సర్జరీ, అంటే దెబ్బతిన్న లిగమెంట్‌ని మళ్లీ నిలబెట్టే ఆపరేషన్. 2013లో మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్. 2019 చివర్లో ఫ్రీ ఏజెంట్ అయ్యాకే రేంజర్స్ మూడేళ్లకి 28 మిలియన్లు ఇచ్చింది. అంటే డ్రాఫ్ట్ నుంచి ఆ సంతకం దాకా పదేళ్లు. అప్పటికి వయసు 32. ఈయన 2021లో ఆల్‌స్టార్ జట్టుకి కూడా ఎంపికయ్యాడు. మీరు "అయినా చాలు" అంటున్న సగటు ఇలా ఉంటుంది.

మధ్యలో ఆ పదేళ్ల డబ్బు ఎలా వస్తుందంటారా? మేజర్ లీగ్‌కి చేరాక మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. 2025లో అది 7,60,000 డాలర్లు. చిన్న మొత్తమని నేననను. కానీ సర్వీస్‌లో, అంటే మేజర్ లీగ్‌లో గడిపిన కాలంలో, ఒక ఏడాది లెక్కకి రావాలంటే 172 రోజులు ఉండాలి. మధ్యలో కింది స్థాయి మైనర్ లీగ్‌కి పంపేస్తే, పైన ఉన్న రోజులకే ఆ జీతం. మూడేళ్లు దాటితే ఆర్బిట్రేషన్, అంటే బేరం కుదరకపోతే మధ్యవర్తులు జీతం తేలుస్తారు, జీతం పెరుగుతుంది. ఆరేళ్లు పూర్తయితేనే ఫ్రీ ఏజెంట్. జట్టుకి అతని విలువ ఎక్కువగా ఉండేది సరిగ్గా ఈ తొలి ఆరేళ్లలోనే, ఎందుకంటే చవకగా దొరుకుతాడు కాబట్టి. ముప్ఫై దాటి అసలు ధర అడిగే సమయానికి, కనీస జీతానికి వచ్చే 24 ఏళ్ల కుర్రాడు పక్కన సిద్ధంగా ఉంటాడు. కాలేజీ, డ్రాఫ్ట్, మైనర్ లీగ్ అన్నీ సాఫీగా జరిగాయనుకున్నా, మీరు చెప్పిన పది మిలియన్ల ఏడాది వచ్చేసరికి మీవాడికి ముప్ఫై దాటుతుంది.

దానికి ముందు మెట్టు మీ ఊళ్లోనే ఉంది. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి ఒకసారైనా వెళ్లే ఉంటారు. అది రేంజర్స్‌కి డబుల్-ఏ జట్టు, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉండే మైనర్ లీగ్ జట్టు. 2023 ఒప్పందంలో ఆ స్థాయి ఆటగాడికి ఏడాదికి కనీసం 30,250 డాలర్లని రాశారు. అంతకుముందు అందులో సగం కూడా లేదు. ఆ మైదానంలో బంతి వేసేవాళ్లు తమ తమ హైస్కూళ్లలో రాజులు. వాళ్లలో చాలామంది పైకి వెళ్లరు.

వెళ్లిన ఒకరి దారి చూడండి. కుమార్ రాకర్ పేరు విన్నారా? తల్లి వైపు తాత, అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చినవాళ్లు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ వేశాడు, అంటే ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో తీసుకుని, ఆరు మిలియన్లకి మాట కుదిరాక, వైద్య పరీక్ష చూసి సంతకం మానేసింది. తర్వాత భుజానికి సర్జరీ, చిన్న స్వతంత్ర లీగ్‌లో ఆట. 2022లో రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుని 5.2 మిలియన్లు ఇచ్చింది. 2023లో మోచేతికి సర్జరీ. 2024 సెప్టెంబర్‌లో ఎట్టకేలకు మేజర్ లీగ్ మెట్టెక్కాడు. ఇంత ప్రతిభ ఉన్నవాడి దారే ఇలా ఉంది. 2014 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికైన బ్రేడీ ఐకెన్ అయితే మోచెయ్యి దెబ్బతిని మేజర్ లీగ్ మొహమే చూడలేదు.

అందుకే ఆ వెలాసిటీ ప్రోగ్రామ్ అంటే నాకు గుబులు. ఇప్పుడు ఇది మన వాళ్లలో కూడా ఫ్యాషన్ అయిపోయింది. ఒకప్పుడు కుమాన్ లెక్కల ట్యూషన్, తర్వాత రోబోటిక్స్, ఇప్పుడు బరువు బంతులూ రాడార్ గన్నూ. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకి 91.3 మైళ్లుంటే 2024కి 94.2 అయింది. గాయాలూ దాంతోపాటే పెరిగాయి. మేజర్ లీగే స్వయంగా చేయించిన అధ్యయనాన్ని 2024 డిసెంబర్‌లో బయటపెట్టింది. వేగం కోసం వెంపర్లాట, ప్రతి బంతినీ ప్రాణం పెట్టి వేయడం గాయాలకు ముఖ్య కారణాలని అందులో ఉంది. పైవాళ్లని చూసి హైస్కూల్ పిల్లలు కూడా అదే చేస్తున్నారనీ ఉంది. ఈ ప్రోగ్రామ్‌లతో కొందరికి వేగం నిజంగానే పెరుగుతుంది. నా సందేహం వేరే. అస్థిపంజరం ఇంకా గట్టిపడని పిల్లాడికి, అందులోనూ నొప్పి ఉన్నవాడికి, జట్ల కోసం ఆటగాళ్లని వెతికే స్కౌట్ చూడ్డానికి రెండేళ్ల ముందే ఆ వేగం దేనికి? "సర్జరీ చేయించుకుంటే ఇంకా గట్టిగా వేస్తారట కదా" అని నన్ను అడిగిన తండ్రులున్నారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ ఆపరేషన్ మొదటిసారి చేసింది ఆట అయిపోయిందనుకున్న పిచర్ టామీ జాన్‌కి. ఆయన ఏడాదికి పైగా ఆగి, తిరిగొచ్చి 1989 దాకా ఆడాడంటే అది అదృష్టం, పట్టుదల. దాన్ని ట్యూషన్‌లో చేర్పించినంత తేలిగ్గా అనుకోకండి.

బేస్‌బాల్ పెద్దలే పిల్లల కోసం 'పిచ్ స్మార్ట్' అని నియమాలు పెట్టారు. 15 ఏళ్లవాడు రోజుకి 95 బంతులు దాటకూడదు. ఏడాదిలో నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ మానాలి. అందులో రెండు మూడు నెలలు వరసగా అసలు విసరడమే ఉండకూడదు. స్కూల్ జట్టు, ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ జట్టు, స్కౌట్ల ముందు ఆడే షోకేస్‌లు అన్నీ కలిపి మీవాడు ఎన్ని వేస్తున్నాడో ఎవరైనా రాసుకుంటున్నారా? కోచ్ తన జట్టు లెక్కే చూస్తాడు. మొత్తం లెక్క చూడాల్సింది ఇంట్లోవాళ్లు. మీ ఉత్తరంలో 82 మైళ్లని రాశారు, ఎన్ని బంతులో రాయలేదు.

కొంచెం కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. మీరడిగింది పిచింగ్ గురించి కాదు. బి గ్రేడ్‌ల పిల్లాడు రేపు ఎలా బతుకుతాడన్న టెన్షన్ మీది. స్నేహితుల పిల్లల పేర్ల పక్కన మీవాడి పేరు కూడా గర్వంగా చెప్పుకోవాలి, దానికి ఈ పది మిలియన్లు దొరికాయి. పిల్లాడు ఇష్టపడి ఆడుతున్న ఆటకి మీరు రిటర్న్స్ లెక్క కడుతున్నారు. నొప్పి అని వాడు చెప్పాడు చూడండి, అది మీ అదృష్టం. రాడార్ అంకెని బట్టే నాన్న మొహం వెలుగుతుందని తెలిస్తే, వచ్చేసారి చెప్పడు.

బి గ్రేడ్‌లకి భయపడకండి. టెన్త్‌లో బి వచ్చిన పిల్లలు ఈ దేశంలో మంచి ఇంజనీర్లూ నర్సులూ అకౌంటెంట్లూ అయి హాయిగా ఉన్నారు. ఎన్నో పేర్లు నాకు తెలుసు. ఆటనీ చదువునీ ఇప్పుడే విడగొట్టాల్సిన పని కూడా లేదు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మామూలుగా మూడో ఏడాది అయ్యాకో, 21 నిండాకో డ్రాఫ్ట్‌కి అర్హత వస్తుంది. ఈలోగా డిగ్రీ చాలావరకు చేతిలో ఉంటుంది. బేస్‌బాల్‌తో కాలేజీ మొత్తం ఉచితం అవుతుందని మాత్రం అనుకోకండి. మొన్నమొన్నటిదాకా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఒక జట్టుకి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే అందరికీ పంచేవారు. ఇప్పుడు నియమాలు మారినా పూర్తి స్కాలర్‌షిప్ అందరికీ అందేది కాదు. డివిజన్ త్రీలో ఆట పేరు మీద అసలు డబ్బివ్వరు, అయినా ఎమ్ఐటీ, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ జట్లు ఆడేది అక్కడే. ఎమ్ఐటీ పేరు చూడగానే మీరు లేచి కూర్చుని ఉంటారు. కూర్చోండి, అది వేరే ఉత్తరం.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి ఒక్క మాట. పిచింగ్‌ని ఉద్యోగంగా లెక్కేసి కంప్యూటర్ సైన్స్ పక్కన పెట్టడానికి మీవాడికి ఇంకా వయసు రాలేదు. 18 ఏళ్లకి ఏ స్కౌట్ అయినా ఇంటికి వస్తే అప్పుడు పెట్టండి. ఈ లోపు లెక్కల ట్యూటర్‌కి కొంత, ట్రావెల్ జట్టు ఫీజుకి కొంత, అంతే. పిచింగ్ ఒక్కటే కాకుండా, ఫీల్డింగ్ చోట్లయిన షార్ట్‌స్టాప్‌లోనో ఔట్‌ఫీల్డ్‌లోనో కూడా ఆడనివ్వండి. ఇంకో ఆట ఏదైనా ఆడతానంటే మరీ మంచిది.

ఈ వారంలో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. రిపోర్ట్ వచ్చాక, వాడికి ఏం చేయాలనుందో వాడినే అడిగి నాకు రాయండి. వీలైతే వాడి చేతే రాయించండి. వెలాసిటీ ప్రోగ్రామ్ డిపాజిట్ మాత్రం అప్పటిదాకా కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే వెనక్కిమ్మని అడగండి.